థిన్నర్ తిని బతికే బ్యాక్టీరియా: ఆమ్దానీ ఎంత, ఖర్చు ఎంత?

ఫర్నిచర్ పాలిష్ చేసే గల్లీలోకి వెళ్లినా, కార్ల డెంటింగ్-పెయింటింగ్ షెడ్డు ముందు నిలబడినా మొదట ముక్కుకు తగిలేది థిన్నర్ వాసనే. మన ఇళ్లల్లో ఈ పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. సాయంత్రం ఇంటికొచ్చాక చొక్కా విప్పి దండేనికి వేస్తే గదంతా అదే వాసన. చిన్నప్పటి నుంచి అలవాటైపోయి మనం దాన్ని పట్టించుకోం. కానీ ఆ వాసన ఒక విషం వాసన. మందుల ఫ్యాక్టరీల్లో డ్రమ్ములకు డ్రమ్ములు వాడే సాల్వెంట్లు కూడా ఇదే కోవలోకి వస్తాయి.

ఈ విషాన్ని తిని బతికే బ్యాక్టీరియా ఉన్నాయని ఎప్పుడో ఒకప్పుడు చదివే ఉంటారు. "కాలుష్యాన్ని తినేసే సూక్ష్మజీవులు" అని వార్తలు వస్తుంటాయి. అవి అబద్ధం కాదు, కానీ సగం కథే చెప్తాయి. విషాన్ని తిన్నాక ఆ బ్యాక్టీరియాకు ఏమవుతుంది? అది పెరుగుతుందా, చిక్కిపోతుందా, చచ్చిపోతుందా? పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల వైపు ఉండేవాళ్లకు ఇది పుస్తకంలో ప్రశ్న కాదు. అక్కడి ఫ్యాక్టరీ నీళ్లను శుభ్రం చేసే ట్యాంకుల్లో పని చేసేది ఈ బ్యాక్టీరియానే. అవి పెరిగితే నీళ్లు శుభ్రమవుతాయి. అవి చస్తే మురికి అలాగే బయటికి పోతుంది.

ముందు సాల్వెంట్ అంటే ఏంటో చూద్దాం. ఒక పదార్థాన్ని కరిగించుకునే ద్రవం సాల్వెంట్. నీళ్లలో కరగని నూనెలు, రంగులు, జిగురు, మందుల ముడిసరుకు వీటిలో కరుగుతాయి. థిన్నర్‌లో ఎక్కువగా ఉండేది టొలుయీన్. మందుల ఫ్యాక్టరీల్లో మనవాళ్లు "ఎండీసీ" అని పిలిచేది మిథిలీన్ డైక్లోరైడ్. దాన్నే డైక్లోరోమీథేన్ అని కూడా అంటారు. 40 డిగ్రీల వేడికే మరిగిపోతుంది, అంటే మన ఎండాకాలంలో మూత తీసి పెడితే కళ్లముందే ఆవిరైపోతుంది.

నూనెను కరిగించే గుణమే బ్యాక్టీరియాకు మొదటి ముప్పు. బ్యాక్టీరియా ఒంటి చుట్టూ ఉండే పొర కొవ్వుతో చేసిందే. టొలుయీన్ అణువులు ఆ పొరలోకి దూరి, ఇటుకల మధ్య సిమెంటు వదులైనట్టు దాన్ని వదులు చేస్తాయి. లోపలి పొటాషియం లాంటివి బయటికి కారిపోతాయి, శక్తి తయారుచేసుకునే ఏర్పాటు దెబ్బతింటుంది. అయితే టొలుయీన్‌లో కార్బన్, హైడ్రోజన్ ఉన్నాయి. కార్బన్ అంటే తిండి. విరగ్గొట్టగలిగితే శక్తి వస్తుంది, ఒళ్లు కట్టుకోవచ్చు. అంటే ఒకే పదార్థం అటు తిండి, ఇటు విషం.

ఇంటి లెక్క లాగానే చూడండి. సాల్వెంట్ విరిస్తే వచ్చే కార్బన్, శక్తి ఆమ్దానీ. పొర మరమ్మతు, విషాన్ని బయటికి తోయడం, విరిచినప్పుడు పుట్టే కొత్త విషాలతో కొట్లాడటం ఖర్చు. ఆమ్దానీ ఎక్కువైతే బ్యాక్టీరియా పిల్లల్ని పెడుతుంది. ఖర్చు ఎక్కువైతే పని చేస్తూనే చిక్కిపోతుంది. ఈ రెండింటి మధ్య గీత చాలా సన్నం. 1968లో జాన్ ఆండ్రూస్ అనే ఇంజినీరు దీన్ని ఒక లెక్కగా రాశాడు: ఇలాంటి తిండి మోతాదు పెంచుతూ పోతే మొదట పెరుగుదల వేగం పెరుగుతుంది, ఒక చోట శిఖరానికి చేరుతుంది, ఆ తర్వాత మోతాదు పెరిగినకొద్దీ తగ్గుతుంది. ఫ్యాక్టరీ నీళ్లు శుద్ధి చేసే ఇంజినీర్లు ఇప్పటికీ ఆ లెక్కనే వాడతారు.

ఎండీసీ తినే బ్యాక్టీరియా కథ

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ మిథైలోబ్యాక్టీరియం డీఎం4. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు దీన్ని ఏళ్ల తరబడి పరీక్షించారు. వేరే తిండి ఏమీ పెట్టకుండా ఎండీసీ ఒక్కటే ఇచ్చినా ఇది బతికి పెరుగుతుంది.

ఎలా అంటే, దీని దగ్గర ఒక ప్రత్యేకమైన ఎంజైమ్ ఉంది. అది ఎండీసీ అణువు నుంచి రెండు క్లోరిన్లను ఊడగొడుతుంది. మిగిలేది ఫార్మాల్డిహైడ్. శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్ ఉంది కదా, అందులో ఉండేది అదే. ఈ బ్యాక్టీరియా ఆ ఫార్మాల్డిహైడ్‌ను జాగ్రత్తగా, పేరుకోకుండా వెంటవెంటనే వాడుకుని ఒళ్లు కట్టుకుంటుంది. కత్తి మీద సాము లాంటి పని.

ఊడిపోయిన క్లోరిన్లు ఏమయ్యాయి? అక్కడే అసలు ఖర్చు ఉంది. ఒక్కో ఎండీసీ అణువుకు రెండు హైడ్రోక్లోరిక్ యాసిడ్ అణువులు పుడతాయి. బాత్రూం కడిగే యాసిడ్ అదే. లెక్క వేస్తే 85 గ్రాముల ఎండీసీ విరిగితే తిండిగా పనికొచ్చే ఫార్మాల్డిహైడ్ 30 గ్రాములు, యాసిడ్ 73 గ్రాములు. (మొత్తం ఎక్కువ వచ్చిందేంటి అనుకోవద్దు, ఈ చర్యలో 18 గ్రాముల నీళ్లు కూడా కలుస్తాయి.) అంటే ఒక లీటర్ ఎండీసీ తింటే కిలోకు పైగా యాసిడ్ తయారవుతుంది. అదీ బ్యాక్టీరియా కడుపులోనే. తిన్న అన్నం కంటే రెండింతలకు పైగా యాసిడ్ కడుపులో పుడితే మనిషి ఏమైపోతాడో ఊహించండి.

ఇంకో దెబ్బ కూడా ఉంది. ఎండీసీ విరిగే దారిలో మధ్యలో ఒక అణువు పుడుతుంది. దాని ఆయుష్షు చాలా తక్కువ, కానీ ఆ కాస్త సమయంలోనే అది డీఎన్ఏకు అతుక్కుని పాడుచేస్తుంది. డీఎం4 బతికి బట్టకట్టడానికి కారణం దానికి డీఎన్ఏ మరమ్మతు చేసే యంత్రాంగం గట్టిగా ఉండటం. ఆ మరమ్మతుకు కావలసిన ఒక ఎంజైమ్‌ను పరిశోధకులు చెడగొట్టి చూశారు. ఆ బ్యాక్టీరియా ఇక ఎండీసీ మీద పెరగలేకపోయింది. విరిచే ఎంజైమ్ అలాగే ఉంది, కానీ నష్టాన్ని సరిచేసుకునే చేయి లేదు.

ఇక్కడ మనుషులకు సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. డీఎం4లో ఉన్న ఎంజైమ్ జాతిదే ఒకటి మన కాలేయంలోనూ ఉంది. ఎండీసీ పీల్చినప్పుడు కొంత భాగం మన ఒంట్లో కూడా ఇదే దారిలో ఫార్మాల్డిహైడ్‌గా మారుతుంది. మరో దారిలో కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, అది రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తుంది. మనిషికి క్యాన్సర్ తెచ్చే అవకాశం బలంగా ఉన్న పదార్థాల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని 2014లో చేర్చింది. 2024లో అమెరికా దీని వాడకాల్లో చాలావాటిని నిషేధించింది. పాత పెయింట్ ఊడగొట్టే రిమూవర్ డబ్బాల్లో ఇది ఉంటుంది కాబట్టి, తలుపులు మూసిన గదిలో ఆ పని చేసేవాళ్లు ఈ పేరా ఇంకోసారి చదవాలి.

మళ్లీ బ్యాక్టీరియా దగ్గరికి వద్దాం. ఎంజైమ్ ఒక్కటి ఉంటే చాలు కదా, దాని జన్యువును వేరే బ్యాక్టీరియాలో పెడితే అదీ ఎండీసీ తింటుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అమెరికాలో జాషువా మిచెనర్, క్రిస్టఫర్ మార్క్స్ బృందం 2014లో సరిగ్గా ఇదే చేసి చూపించింది. ఆ జన్యువు లేని దగ్గరి చుట్టాల్లాంటి బ్యాక్టీరియాలో దాన్ని పెట్టారు. జన్యువు వచ్చింది, కానీ పెరుగుదల అంతంతమాత్రం. తర్వాత వాటిని ఎండీసీ మీదే తరతరాలుగా పెంచుతూ వచ్చారు. కొన్ని బాగా పెరగడం మొదలుపెట్టాయి. ఏం మారిందని చూస్తే, మార్పు విరిచే ఎంజైమ్‌లో కాదు. క్లోరైడ్‌ను ఒంట్లోంచి బయటికి తోసే శక్తి పెరిగేలా మార్పులు వచ్చాయి. ప్రకృతిలో ఎండీసీ తినే రెండు రకాల్లో కూడా అలాంటి మార్పులే విడివిడిగా వచ్చి ఉన్నాయని తేలింది. చివరికి వాళ్లు విరిచే జన్యువు, క్లోరైడ్ బయటికి తోసే జన్యువు రెండూ కలిపి ఒకే మూటగా ఇస్తే, రకరకాల మిథైలోబ్యాక్టీరియం రకాలు మొదటి నుంచే ఎండీసీని చక్కగా వాడుకున్నాయి.

నాకు ఈ ప్రయోగం చాలా నచ్చింది. వంటగది ఎంత పెద్దదైనా మోరీ లేకపోతే ఆ ఇంట్లో వంట నడవదు కదా. ఇక్కడా అంతే.

విరిచినవాడే చస్తాడు

డీఎం4కు కనీసం తిండి దొరుకుతుంది. ట్రైక్లోరోఇథిలీన్ విషయంలో అదీ లేదు. లోహపు సామాన్ల మీద గ్రీజు తుడవడానికి వాడే సాల్వెంట్ ఇది, ముద్దుగా టీసీఈ అంటారు. సూడోమోనాస్ పుటిడా ఎఫ్1 అనే బ్యాక్టీరియా టొలుయీన్ తింటుంది. దానికోసం దాని దగ్గర ఉన్న ఎంజైమ్ కొంచెం చూపు మందం రకం. టీసీఈ ఎదురైనా టొలుయీనే అనుకుని విరిచేస్తుంది. కానీ అందులోంచి బ్యాక్టీరియాకు రావలసిన లాభం ఏమీ రాదు. పైగా విరిగిన ముక్కలు చురుకైనవి, కణంలోని ప్రోటీన్లకు అతుక్కుని వాటిని పాడుచేస్తాయి.

1989లో లారెన్స్ వాకెట్ బృందం దీన్ని తేల్చింది. ఎఫ్1 బ్యాక్టీరియాకు టీసీఈ తగిలితే పెరుగుదల మందగించింది. కానీ ఆ ఎంజైమ్ లేని రకానికి టీసీఈ తగిలినా పెద్దగా ఏమీ కాలేదు. అంటే టీసీఈ తనంతట తాను అంత హాని చేయలేదు. దాన్ని విరిచిన బ్యాక్టీరియాకే దెబ్బ తగిలింది. ఊరికి మేలు చేయబోయి తానే కాలిపోయినట్టు.

ఇలాంటి చోట ట్యాంకులో బ్యాక్టీరియా నిలవాలంటే టీసీఈతో పాటు అసలు తిండి కూడా అందుతూ ఉండాలి. ఆ తిండి మరీ ఎక్కువైతే ఎంజైమ్ దానితోనే బిజీ అయిపోయి టీసీఈని ముట్టుకోదు. ఈ బేరం కుదర్చడం ఇంజినీర్లకు తలనొప్పి.

ఇంకో రకం బ్యాక్టీరియా ఇదే టీసీఈ మీద ఆధారపడి హాయిగా పెరుగుతుంది. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు 1997లో దాన్ని ప్రపంచానికి పరిచయం చేశారు. ఇప్పుడు దాన్ని డీహాలోకాక్కాయిడ్స్ అంటారు. ఇది సాల్వెంట్‌ను తినదు, దానితో ఊపిరి పీల్చుకుంటుంది. మనం ఆక్సిజన్‌తో చేసే పని ఇది క్లోరిన్ ఉన్న సాల్వెంట్లతో చేస్తుంది. క్లోరిన్లను ఒక్కొక్కటిగా పీకేస్తూ ఆ క్రమంలో శక్తి పొందుతుంది. అసలు ఆక్సిజన్ తగిలితే దానికి కష్టం. అందుకే ఇది భూమి లోతుల్లో, గాలి ఆడని నీళ్లల్లో పని చేస్తుంది. అమెరికాలో కలుషితమైన భూగర్భ జలాల్లోకి దీన్ని పంపి, దీనికి కావలసిన హైడ్రోజన్ పుట్టేలా సోయా నూనె లాంటివి కూడా భూమిలోకి ఎక్కిస్తారు. అయితే దీని పెరుగుదల నెమ్మది. మన పేగుల్లోని ఈ-కొలై మంచి తిండి దొరికితే 20 నిమిషాల్లో రెండింతలవుతుంది, దీనికి ఒక రోజు పైనే పడుతుంది. పని మధ్యలో ఆగిపోతే వినైల్ క్లోరైడ్ మిగులుతుంది, అది టీసీఈ లాగే క్యాన్సర్ కారకమని రుజువైన పదార్థం.

పంపు ఉన్న బ్యాక్టీరియా, పని చేయని మందు

టొలుయీన్ దగ్గరికి వస్తే విషయం మన ఆస్పత్రి మందుల దాకా పోతుంది.

స్పెయిన్‌లోని గ్రనాడాలో 1990ల్లో దొరికిన సూడోమోనాస్ పుటిడా డాట్-టీ1ఈ అనే రకం టొలుయీన్ తిని పెరుగుతుంది. మామూలు బ్యాక్టీరియా నిమిషాల్లో చచ్చే మోతాదులో కూడా ఇది నిలబడుతుంది. దీని రహస్యం రెండు పనుల్లో ఉంది. ఒకటి, ఒంటి పొరలోని కొవ్వుల ఆకారం మార్చి పొరను గట్టిపరుచుకోవడం. రెండోది, లోపలికి దూరిన టొలుయీన్‌ను బయటికి తోసే పంపులు. ఇలాంటి పంపులు దీనికి మూడు ఉన్నాయి. పంపు నడపాలంటే శక్తి కావాలి, అంటే తిన్నదాంట్లో పెద్ద వాటా కాపలా ఖర్చుకే పోతుంది. అందుకే టొలుయీన్ ఎక్కువగా ఉన్న చోట ఇది బతుకుతుంది కానీ అంత ఒళ్లు చేయదు.

ఈ పంపుల్లో ఒకటి టొలుయీన్‌తో పాటు యాంటీబయాటిక్ మందుల్ని కూడా బయటికి తోసేస్తుంది. టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ లాంటివి లోపలికి వెళ్లినా నిలవనివ్వదు. సాల్వెంట్ నుంచి కాపాడుకోవడానికి ఉన్న కవచమే మందు నుంచి కూడా కాపాడుతుంది. ఈ రకం బ్యాక్టీరియా ల్యాబ్‌లో పరీక్షించినది, మన చెరువుల్లో తీసింది కాదు. కానీ ఇలాంటి పంపులు రోగాలు తెచ్చే సూడోమోనాస్ ఏరుజినోసాలోనూ ఉన్నాయి. ఐసీయూలో ఎవరైనా మనవాళ్లు ఉన్నప్పుడు "ఇన్ఫెక్షన్ మందులకు లొంగట్లేదు" అని డాక్టరు చెప్పిన మాట వినుంటే, దాని వెనక ఉన్న కారణాల్లో ఇలాంటి పంపు ఒకటి.

2007లో స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు దగ్గర దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల నుంచి నీళ్లు తీసుకునే శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. కొన్ని రకాల బ్యాక్టీరియాను చంపడానికి కావలసిన దానికంటే అది వెయ్యి రెట్లు ఎక్కువ. ఆ శుద్ధి కేంద్రంలో నీళ్లు శుభ్రం చేయాల్సింది బ్యాక్టీరియా. అప్పట్లో సాల్వెంట్లతో పాటు వాటికి అందింది ఈ మందు కూడా.

ట్యాంకులో రోజూ జరిగేది

ఇలాంటి ప్లాంటు ఎప్పుడైనా చూశారా? పెద్ద సిమెంటు ట్యాంకు, కింది నుంచి గాలి బుడగలు, గోధుమరంగు నీళ్లు. ఆ గోధుమరంగే బ్యాక్టీరియా. ఆపరేటర్లు దాన్ని స్లడ్జ్ అనో, బగ్స్ అనో అంటారు. కొత్త ట్యాంకు మొదలుపెట్టేటప్పుడు మన దగ్గర ఆవు పేడ, బెల్లం వేయడం మామూలే. పేడలో బ్యాక్టీరియా, బెల్లంలో సులువైన తిండి. యూరియా, డీఏపీ కూడా వేస్తారు, పొలానికి వేసినట్టే. ఎందుకంటే టొలుయీన్‌లో, ఎండీసీలో నత్రజని లేదు, భాస్వరం లేదు. అవి లేకుండా ఏ బ్యాక్టీరియా కొత్త ఒళ్లు కట్టుకోలేదు. 100 పాళ్ల తిండికి 5 పాళ్లు నత్రజని, 1 పాలు భాస్వరం అనేది ఇంజినీర్లు పాటించే లెక్క.

మందుల ఫ్యాక్టరీల్లో ఈ నెల ఒక మందు, వచ్చే నెల ఇంకో మందు తయారవుతుంది. మందు మారితే సాల్వెంట్ మారుతుంది. నెల రోజులు ఒక సాల్వెంట్‌కు అలవాటుపడి పెరిగిన బ్యాక్టీరియా ముందుకు హఠాత్తుగా వేరేది వస్తుంది. కొత్త ఎంజైమ్‌లు తయారుచేసుకోవడానికి, దాన్ని తినగలిగే రకాలు ట్యాంకులో ఎక్కువ కావడానికి రోజులు పడుతుంది. ఆ రోజుల్లో వచ్చిన సాల్వెంట్ పూర్తిగా విరగకుండానే ట్యాంకు దాటుతుంది. దీనికి తోడు ఎవరైనా రాత్రిపూట ఒక్కసారిగా చిక్కటి వ్యర్థం వదిలితే ఆండ్రూస్ చెప్పిన శిఖరం దాటిపోయి మొత్తం స్లడ్జ్ చచ్చి నురగ తేలుతుంది. దాన్ని "షాక్ లోడ్" అంటారు. ఎండీసీ విరిగి పుట్టే యాసిడ్‌ను అణచడానికి సున్నం, కాస్టిక్ వేస్తే ఉప్పు పెరుగుతుంది, ఆ ఉప్పు కూడా బ్యాక్టీరియాను నొక్కిపెడుతుంది.

ట్యాంకులో సాల్వెంట్ తగ్గినట్టు రిపోర్టులో కనబడితే అదంతా బ్యాక్టీరియా తిన్నదే అనుకోనక్కర్లేదు. ఎండీసీ 40 డిగ్రీలకే మరిగేదని ముందే చెప్పుకున్నాం. కింది నుంచి గాలి ఊదుతుంటే చాలా భాగం ఆవిరై బస్తీ మీదికి పోతుంది. నీళ్లలో తగ్గింది గాలిలో పెరిగింది, అంతే. ఆ చుట్టుపక్కల బస్తీల వాళ్లు సాయంత్రం అయితే కిటికీలు మూసుకునేది ఊరికే కాదు. సరైన పద్ధతిలో అయితే చిక్కటి సాల్వెంట్ వ్యర్థాన్ని ఫ్యాక్టరీలోనే స్ట్రిప్పర్‌లో వేడిచేసి, ఆవిరిని చల్లార్చి సాల్వెంట్‌ను తిరిగి పట్టుకోవాలి. మిగిలిన పలుచటి నీళ్లే బ్యాక్టీరియా ట్యాంకుకు రావాలి. సాల్వెంట్ తిరిగి దొరుకుతుంది కాబట్టి ఫ్యాక్టరీకి కొంత డబ్బూ మిగులుతుంది. కరెంటు, ఆవిరి ఖర్చు మాత్రం ముందు పెట్టాలి.

ఇంట్లో, షెడ్డులో

మన సెప్టిక్ ట్యాంకు కూడా చిన్న బ్యాక్టీరియా ఫ్యాక్టరీయే. బ్రష్షులు కడిగిన థిన్నర్‌ను బాత్రూంలో పోస్తే అక్కడి బ్యాక్టీరియాకు అది షాక్ లోడే. వాటికి టొలుయీన్ అలవాటు లేదు, దాన్ని తినే ఎంజైమ్‌లు చాలావాటికి లేవు. తినలేనివాటికి అది ఉత్త విషం. ట్యాంకు తొందరగా నిండుతోంది, వాసన వస్తోంది అని లారీ పిలిచేవాళ్లు కొందరు ఈ సంగతి కూడా చూసుకోవాలి. పౌడర్ ప్యాకెట్లలో అమ్మే బ్యాక్టీరియా వేసినా, మళ్లీ థిన్నర్ పోస్తే అవీ అదే దారిలో పోతాయి.

వాడిన థిన్నర్‌ను మూత గట్టిగా ఉన్న డబ్బాలో రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే రంగు అడుక్కి చేరుతుంది. పైన తేరిన థిన్నర్ మొదటి కడుగుడుకు మళ్లీ పనికొస్తుంది. చాలా షెడ్లలో ఉస్తాద్‌లు ఇది ఇప్పటికే చేస్తున్నారు, పైసలు మిగుల్తాయని. అడుగున మిగిలిన ముద్దను నేల మీద పారబోస్తే మాత్రం అది వానతో కలిసి బోరు వైపు దిగుతుంది. ఎండీసీ, టీసీఈ లాంటివి నీళ్లకంటే బరువు, భూగర్భ జలం అడుగుదాకా దిగిపోయి అక్కడే కూర్చుంటాయి. బోరు నీళ్లలో థిన్నర్ వాసన వస్తుంటే కాచి తాగితే సరిపోతుందని అనుకోవద్దు. కాచినప్పుడు ఆ ఆవిరిని వంటింట్లో ఉన్న ఆడవాళ్లు, పిల్లలే పీలుస్తారు. ఆ నీళ్లు వాడటం ఆపి, సాల్వెంట్లను చూడగలిగే ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. మామూలుగా చేసే టీడీఎస్ మీటరు పరీక్షలో ఇవి కనబడవు. ఆ మీటరు ఉప్పును చూస్తుంది, సాల్వెంట్‌ను చూడదు.